అరసోలెడు తవుడు

కుక్కను పట్టుకొని కూర్చున్న ముసలివాణ్ణి లోకం పలకరించినట్టు, కొడుకు కోసం కూర్చున్న ముసలివాణ్ణి పలకరించదు. ఈ సంగతి బిచ్చయ్యకు ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే రోడ్డు పక్క సందులో, షట్టరు దించిన ఒక గడియారాల దుకాణం మెట్టు మీద కూర్చున్నాక తెలిసింది. వచ్చేపోయేవాళ్ళు కుక్క తల నిమిరారు, ఏ జాతి అని అడిగారు, కరుస్తదా అని అడిగారు. ఎండ పడుతున్నది, జర లోపలికి జరుగు పెద్దాయనా అని మాత్రం ఒక్కరూ అనలేదు. ఎదురుగా రెండంతస్తుల నర్సింగ్ హోము. దాని అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా మందుల వాసనతో చల్లగాలి ఇంత బయటికొచ్చి, సందులో సమోసాల నూనె వాసన తగలగానే జడుసుకొని మళ్ళీ లోపలికి పోతున్నది. ఆ తలుపులోంచే కొడుకు ఎల్లేష్ లోపలికి పోయి కాసేపైంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవటానికి పోయాడు. ఉన్నవాళ్ళు చాలనుకొని కాదు, అసలు ఒక్కరూ వద్దనుకొని. ఇద్దరు డాక్టర్లు ఒక పిల్లో పిల్లగాడో పుట్టినాక రా పొమ్మన్నారట. మూడో డాక్టరు మాత్రం మొగుణ్ణీ పెళ్ళాన్నీ కూర్చోబెట్టి, మళ్ళీ కావాలంటే కలపవచ్చు గానీ గ్యారంటీ లేదు, ఆలోచించుకున్నారా, అని రెండుసార్లు అడిగి ఒప్పుకున్నాడట. "రక్తం చూసి కూసోబెడ్తరంట నాయినా, లోపలికి పిలిచేముందు ఒక్కసారి బయటికొచ్చి బబ్లూకు నీళ్ళు పెట్టిపోత" అని చెప్పి పోయాడు. అంటే ఇంకొక్కసారి వస్తాడు. ఆ ఒక్కసారిలో చెప్పాలి. బిచ్చయ్య లాల్చీ జేబులో చెయ్యి పెట్టి పొట్లం ఉన్నదో లేదో చూసుకున్నాడు. ఉన్నది. పాత పేపరులో కట్టిన పొట్లం, పిడికెడు తవుడు. కొడుకు వచ్చినప్పుడు ఇది తీసి వాని చేతిలో పెట్టాలి, పెట్టి ముచ్చట చెప్పాలి, చెబితే వాడు అద్దాల తలుపు దిక్కు పోకుండా ఇటు తిరుగుతాడు. తిరగకపోతే? తిరగకపోయినా విని పోతాడు. వినకుండా పోవటానికి వీల్లేదు.

బబ్లూ అనేది కుక్క పేరు. తేనెరంగు కుక్క, దూడంత ఉంటుంది, మనిషి కంటే మర్యాదగా దగ్గుతుంది. ఇంట్లో ఒంటరిగా వదిలిపెడితే ఇల్లుగలాయన గుండెలు పగిలేటట్టు ఊళ పెడుతుంది కాబట్టి కొడుకు ఆపరేషనుకు తండ్రి తోడు, తండ్రికి కుక్క తోడు. కోడలు రజని రావలసింది, కానీ ఆమె పనిచేసే బడిలో ఈరోజే ఫీజులకు ఆఖరు రోజు. పొద్దున ఆటో దిగగానే బబ్లూ పట్టుకున్నవాడి చేతిలోంచి గుంజుకొని ఉరికితే బిచ్చయ్య "బబ్లూ! ఒరే బబ్లూ! ఆగురా లంగా!" అని అరిచాడు. పాన్ డబ్బా దగ్గర సిగరెట్టు ముట్టించుకుంటున్న ఒక మీసాలాయన గిరుక్కున తిరిగి "ఎవర్ని బే?" అన్నాడు. ఇద్దరు బబ్లూలూ ఒకరినొకరు చూసుకున్నారు. బిచ్చయ్యకు నవ్వొచ్చింది, నవ్వొస్తున్నందుకు ఏడుపొచ్చింది. మీసాలాయన తల్లి ఎంత మురిసిపోయి పెట్టుకున్నదో ఆ పేరు. ఏ మావిచెట్టు కిందనో చాప మీద బోర్లాపడ్డ పిల్లగాణ్ణి చూసి బబ్లూ, బబ్లూ అని పిలిచి ఉంటుంది. ఇంట్లో పిల్లలకని దాచుకున్న పేర్లన్నీ ఇప్పుడు కుక్కలకు పోతున్నాయి. పుట్టబోయేవాడికని ఎల్లేషు మనసులోనూ ఏదో పేరు ఉండే ఉంటుంది. అది ఇదేనేమో. పేరు ఎండబెట్టి అటక మీద పెట్టి, పెట్టి, పురుగు పడుతుందని కుక్కకు వేసి ఉంటాడు.

"ఏం తాతా, ఎంతకు కొన్నరు దీన్ని?" అన్నాడు ఆటో స్టాండులో బాలరాజు. పొద్దున వీళ్ళను దింపింది అతనే. తిరిగి కూడా నేనే తీసుకపోత అని అక్కడే ఆగిపోయాడు. కుక్క ధర అందరూ అడుగుతారు. కూరగాయల ధర అడిగినట్టు బాజాప్తా అడుగుతారు. బిచ్చయ్య నోరు ఊరుకోదు. "కొన్నది మేం కాదు బిడ్డా, ఇదే మమ్ముల కొన్నది. ఒకనాడు పొద్దుగాల వచ్చి గేటు కొట్టి, కిరాయి ఎంత, నల్లా నీళ్ళు దినాం వస్తయా, మామకు గురక ఉన్నదా అని అన్నీ అడిగి, సరే ఉంటా అన్నది. అడ్వాన్సు మేమే ఇచ్చుకున్నం." బాలరాజు నవ్వీ నవ్వీ హ్యాండిలు మీద వాలిపోయాడు. నోరు ఎట్లా వచ్చింది ఇంత బాగా, లోపల ఇట్లా ఉంటే? అరవై ఏండ్లుగా ఇదే పని చేస్తున్నది ఈ నోరు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా పలక పట్టుకున్నప్పటి నుంచీ ఇదే. పంతులు రామచందర్ సారు నిన్న ఎందుకు రాలేదురా అంటే, వాన ఎక్కువై చేపలు చింతచెట్టెక్కి గూళ్ళు పెట్టుకున్నయి సారూ, గుడ్లు దింపబోయిన అని చెప్పేవాడు. సారు కొట్టటానికి బెత్తం ఎత్తి, గుడ్లు ఏ రంగున్నయిరా అని అడిగి, జవాబు విని బెత్తం దించేవాడు. అప్పుడు తెలిసింది, దెబ్బ పడబోయేచోట నవ్వు అడ్డం పెట్టవచ్చునని. అప్పటి నుంచి జీవితమంతా అడ్డం పెడుతూనే ఉన్నాడు.

ఆ ఊళ్ళో కుక్కలను ఎవరూ కొనలేదు. వాటికి పేరు పెట్టటం కూడా దండుగ ఖర్చనుకునేవాళ్ళు. మాడిన రొట్టె, గంజి, ఎవరన్నా పోతే దినాలనాడు విస్తరాకులు. ఎండాకాలం ఆ కుక్కలు నీడ దొరక్క తమ నీడలో తామే పడుకునేవి అని ఎల్లేషుకు చిన్నప్పుడు చెబితే, వాడు నాంపల్లి వెనక కిరాయి గది ముందు మధ్యాహ్నం పూట ఒంగి, మొగ్గలేసి, తన నీడలో తాను పడుకోవాలని చూసి, మెడ పట్టేసి ఏడ్చాడు. ఈ బబ్లూకు కోడి బొమ్మ ఉన్న సంచిలో గింజలు, వెంట్రుకలు రాలకుండా సబ్బు, ఏటా సూదులు, వీళ్ళు గుట్టకు దేవుని దర్శనానికి పోయినప్పుడు ఇది ఉండటానికి ఒక హాస్టలు. బిచ్చయ్య చదువుకున్నప్పుడు ఎరగని హాస్టలు. పుట్టినరోజుకు కేకు. అయినా ఎల్లేషు లెక్క ప్రకారం ఇదంతా చవక. "పిల్లగాన్ని పెంచేదాంట్ల వీని ఖర్చు పదోవంతు కాదు నాయినా. వీనికి ఎల్‌కేజీ లేదు, ట్యూషన్ లేదు, ఎంసెట్ లేదు. రేపు వీడు నన్ను చూసి, నాకేం చేసినవ్ అని అడగడు." ఆఖరి మాట వాడు అలవోకగానే అన్నాడు. బిచ్చయ్యకు మాత్రం చెవిలో నీళ్ళు పోయినట్టు అక్కడే నిలబడిపోయింది.

రజనిని తప్పు పట్టటానికి మనసొప్పదు. ఆబిడ్స్‌లో ఒక పెద్ద బడిలో ఫీజుల కౌంటరు ఆమెది. అద్దానికి అవతల ఎవరెవరో వస్తారు. ఒకాయన చొక్కా జేబులోంచి కొంత, ప్యాంటు జేబులోంచి కొంత, సాక్సులోంచి కొంత తీసి, ఇంకా తక్కువైతే మళ్ళీ మొదటి జేబు వెతుకుతాడు. ఒకామె వేలికి ఉంగరం తీసేసిన తెల్లటి గుర్తును ఇంకో చేత్తో మూసుకొని నిలబడుతుంది. ఇంటికొచ్చి రజని చెప్పులు కూడా విప్పకుండా బబ్లూ పక్కన నేల మీద పడుకొని, దాని పొట్ట మీద తల పెట్టి పైకప్పు చూస్తుంది. "నాకు పిల్లలంటే పడక కాదు మామా" అన్నది ఒకనాడు, ఎవరూ అడగకుండానే. "ఆ కిటికి ఇవుతల కూసున్న నేను. దినాం చూస్తున్న. కిటికి అవుతల నేను నిలబడలేను." బిచ్చయ్య దానికి కూడా ఏదో పిట్టకథ చెప్పబోయాడు. నోట్లోంచి రాలేదు. అది ఒక్కటే రోజు, రాకపోవటం.

ఎండ మెట్టు మీద సగానికి వచ్చింది. కుక్క నాలుక వేలాడేసుకొని అద్దాల తలుపు దిక్కే చూస్తున్నది. నువ్వు కూడా చేయించుకున్నవు కదరా, అన్నాడు దానితో, పైకి కాదు, లోపలే. పోయిన చలికాలంలో దానికి ఆ ఆపరేషన్ చేయించి, కుట్లు నాక్కోకుండా మెడకు చాటంత ప్లాస్టిక్ డబ్బా కట్టి తెచ్చారు. ఎల్లేషు రెండు రాత్రులు దాని పక్కన కూర్చున్నాడు. అయిపోయింది నాన్నా, ఏం కాదు బంగారం, అని చెవిలో చెబుతూనే ఉన్నాడు. బంగారం. బిచ్చయ్య ఆ మాట పక్కగదిలోంచి విన్నాడు. ఇంత సులువుగా అంటారా ఆ మాట? వీధిలో, ఆటోలో, పదిమంది ముందు, నోరు తెరిచి? నలభై ఏండ్ల నుంచి ఆ మాటను పంటి కింద పెట్టుకొని దాచినవాడికి, ఎదుటివాడు దాన్ని ఉప్పుకల్లులా విసిరేస్తుంటే ఎట్లా ఉంటుంది?

"నువ్వే గద నాయినా ఎప్పుడు చెప్పేటోనివి" అన్నాడు నిన్న అన్నం ముందు ఎల్లేషు, ఈ ఆపరేషన్ సంగతి బయటపెట్టి, తండ్రి ముద్ద పట్టుకొని ఆగిపోతే. "నేను పుట్టిన యాడాది తాగిన పాలకు మూడు బర్రెలు సిగ్గుపడి పలుపులు తెంపుకొని పారిపోయినై అంటివి. నా చెప్పుల కోసం మోచీ ఇల్లు కట్టుకున్నడు అంటివి. నా ఫీజు కట్టనీకి బ్యాంకు మేనేజరును అప్పడిగితే ఆయన కిటికిలకెల్లి దూకిండు అంటివి. గీని పెట్టుబడితోని రెండెకరాలు కొనేటోన్ని, గీడు అమ్ముకోనీకి బెల్లం కూడ కాకపాయె అని వచ్చినోనికల్లా చెప్తివి. నేను జర ముందుగాల్నే లెక్క చేసుకుంటున్న. అంతే." నవ్వుతూనే అన్నాడు. కోపంగా అని ఉంటే ముద్ద దిగేది. నవ్వుతూ అన్నాడు, పాత పాట ఎవరో మళ్ళీ పాడినట్టు. అంటే ప్రతి మాటా గుర్తున్నది. మూడు బర్రెలూ, మోచీ, మేనేజరూ అందరూ వాని లోపల ఎక్కడో వరుసగా కూర్చొని ఉన్నారు, బాకీ వసూలుకు వచ్చినవాళ్ళలా.

ఎట్లా చెప్పాలి వానికి? ఎక్కడ మొదలుపెట్టాలి? వాడికంటే ముందు ఇద్దరున్నారని మొదలుపెట్టాలా? ఒకడు పదకొండో రోజు నీలంగా అయిపోయాడు, ఇంకొకతి నవ్వటం నేర్చుకొని పోయింది. పేర్లు పెట్టారు ఇద్దరికీ, మంచి పేర్లు. అదే తప్పయిందన్నది పెళ్ళాం జయమ్మ. పేరు మంచిగుంటే, ముద్దు ఎక్కువైతే, చూసేవాడు చూస్తాడు. ఆ చూసేవాడెవరో పేరు ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. మూడోసారి ఎల్లేషు పుట్టినప్పుడు పురుడు రోజునే చాటలో పాత గుడ్డ పరిచి, పిల్లగాణ్ణి పడుకోబెట్టి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టి వచ్చింది. పెట్టి వచ్చి తలుపు వేసుకొని తలుపుకు వీపు ఆనించి నిలబడింది. బయట పిల్లగాడి ఏడుపు. బిచ్చయ్య పోబోతే చెయ్యి పట్టుకున్నది, గోళ్ళు దిగేటట్టు. తన పేరు బిచ్చయ్య ఎట్లా అయిందో అప్పుడు తలుచుకున్నాడు. తనకు ముందు ముగ్గురు పోయారట, తల్లి ఐదిళ్ళు బిచ్చమెత్తి ఆ గింజలతో తన నోరు తడిపిందట. పక్కింటి లక్ష్మీనర్సమ్మ ఏమీ ఎరగనట్టు పేడ తట్ట పట్టుకొని వచ్చి, అమ్మో, ఎవల పోరడమ్మా పెంటల పారేసిపోయిన్రు, నలుపు, సన్నం, దేనికీ పనికిరాడు, అని గట్టిగా, ఊరంతా వినేటట్టు, ఊరికి పైనున్నవాడు కూడా వినేటట్టు అని, చాట నెత్తిన పెట్టుకొని తన ఇంటికి పోయింది.

పొద్దుగూకినాక జయమ్మ పోయింది కొనటానికి. బిచ్చయ్య వెనక నిలబడ్డాడు. "అక్కా, నీ దగ్గర ఎవలిదో పోరడున్నడంట. అమ్ముతవా?" అన్నది పాలు కారి తడిసిన రవికెతో. "అమ్ముతగని, గంత మంచి సరుకేం గాదు, ముందే చెప్తున్న" అన్నది లక్ష్మీనర్సమ్మ. ఇద్దరు ఆడవాళ్ళు ఏడుస్తూ బేరమాడారు. సోలెడు తవుడుకు తెగింది. జయమ్మ తవుడు పోస్తే లక్ష్మీనర్సమ్మ అందులో సగం తీసుకొని సగం తిరిగి ఆమె కొంగులో పోసింది. "సగమే తీస్కుంట. తక్కినది వీడు తండ్రయ్యి, వీని బిడ్డను తొట్టెల్ల ఏసిన్నాడు తెచ్చియ్యి. గప్పటిదాక వీడు పూరా మీవాడు గాడు. బాకి ఉన్న సొమ్ము మీదికి ఎవడు రాడు. మురువకున్రి, ముద్దు పేర్లు పెట్టకున్రి, బంగారమనకున్రి. మాకు బరువైండు, ఖర్సైండు, ఎందుకు కొన్నమో అనుకుంటుండున్రి. బాకి తీరిన్నాడు వానికి అన్ని చెప్పుకోన్రి." అంతే. ఆ మాట పట్టుకొనే పట్నం వచ్చారు. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం గోదాముకు కాపలా, స్టేషన్ వెనక ఒక గది. జయమ్మ వాణ్ణి నల్లోడా అనేది, దండుగోడా అనేది. బిచ్చయ్యకు ఉత్త తిట్టు తిట్టటం చేతకాలేదు. ఆయనకు వచ్చిన విద్యతో ఆయన కాపలా కాశాడు. ఒక బర్రెతో మొదలుపెట్టి మూడు బర్రెలు పారిపోయేదాకా పెంచాడు. ఎంత పెద్ద అబద్ధమైతే అంత పెద్ద కంచె. వాడికి జ్వరమొచ్చిన రోజు ఖర్చు రెట్టింపు చేసి చెప్పేవాడు. పదో తరగతి పాసైన రోజు, వాకిట్లో అందరూ మెచ్చుకుంటుంటే భయం పట్టుకొని, మేనేజరును కిటికీలోంచి దూకించింది ఆ సాయంత్రమే. కిటికీ మూడో అంతస్తుది చేశాడు, చాలదేమోనని. పిల్లగాడు పక్కనే నిలబడి వింటున్నాడు. నవ్వాడు కూడా. వాడు వినవలసినవాడు కాదని, ఆ మాటలు వాడి తల మీదుగా పైకి పోవలసినవని వాడికెట్లా తెలుస్తుంది? పట్నంలో పెంటకుప్పలు లేవు, చాటలో పిల్లలు లేరు. మునిసిపాలిటీ బండి వచ్చి అన్నీ ఎత్తుకపోతుంది.

లక్ష్మీనర్సమ్మ పోయింది. జయమ్మ పోయేముందు మాట పడిపోతే, చూపుడు వేలు బొటనవేలు కలిపి చిటికెడు అన్నట్టు చూపించింది. ఎల్లేషు ఉప్పు అనుకొని తెచ్చాడు. బిచ్చయ్యకు తెలుసు అది ఉప్పు కాదని. తవుడు బాకీ తీర్చే తొట్టెల ఏది అని ఆమె అడుగుతున్నది. వస్తది, గా దినం వస్తది అన్నాడు. వస్తే ఆ రోజు ఏమేమి చెప్పాలో ఎన్నేండ్ల నుంచో కూర్చుకుంటున్నాడు. తవుడు తీసి వాని చేతిలో పెట్టి, ఇదిరా నీ ధర, ఇంతే అయింది నాకు, తక్కినదంతా నేను చెప్పిన కట్టుకథలే, అని చెప్పాలనుకున్నాడు. ఆ తరువాత బంగారమనే ఆ మాట ఒక్కసారి అనాలనుకున్నాడు. నోటినిండా. పొద్దున చీకటి విడవకముందే లేచి ఉస్మాన్‌గంజ్ పోయి, తెలిసిన దుకాణంలో పిడికెడు తవుడు అడిగితే, "ఏంది బిచ్చయ్యా, బర్రెను కొన్నవా?" అన్నాడు సేటు శ్యామ్‌సుందర్. "కొన్న, మూడంతస్తుల బర్రె" అన్నాడు బిచ్చయ్య. నోరు. ఈ నోరు.

అద్దాల తలుపు తెరుచుకున్నది. బబ్లూ తోక మెట్టును బాదింది. ఎల్లేషు నీళ్ళ సీసా పట్టుకొని వచ్చి, సందులోనే గొంతుకూర్చొని, ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు పోశాడు. చేతికి దూది, దాని మీద పట్టీ. "తాగు నాన్నా, తాగు బంగారం, నాలుక ఎండిపాయెనా నా తండ్రికి" అన్నాడు కుక్కతో. తల ఎత్తకుండానే, "చాయ్ తాగినవా నాయినా?" అన్నాడు. బిచ్చయ్య తాగిన అన్నాడు. తాగలేదు. కొడుకు మెడ వెనక చెమట పట్టింది. అక్కడ ఒక తెల్ల వెంట్రుక ఉన్నది. ఎప్పుడొచ్చింది అది? భుజాల మీద ఎక్కించుకొని నాంపల్లి ఎగ్జిబిషన్‌లో తిప్పినప్పుడు ఈ మెడే కదా, జైంట్ వీల్ చూసి వాడు ఉరుములా నవ్వుతుంటే వెనక్కి వాలిపోయింది. జేబులో చెయ్యి పొట్లం మీద పడింది.

"ఎల్లేషూ."

"ఆఁ?"

"ఒక ముచ్చట చెప్పాలెరా."

"చెప్పు. నాకంటె ముందు ఇంకొకాయన ఉన్నడు." గిన్నె కుక్క మూతి కిందికి జరిపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, నిజంగానే తండ్రి దిక్కు చూశాడు. చిన్నప్పుడు చూసినట్టే, కథ మొదలయ్యేముందు చూసినట్టే.

"నువ్వు పుట్టినప్పుడు..." అన్నాడు బిచ్చయ్య.

ఎల్లేషు ముఖం విప్పారింది. "ఎరికే నాయినా. మూడు బర్రెలు పారిపోయినై."

చెప్పు. ఇప్పుడు చెప్పు. పొట్లం తియ్యి. కానీ నోరు మనిషి కంటే ముందు లేస్తుంది, అరవై ఏండ్లు మేపిన నోరు, దెబ్బ పడబోతుంటే అడ్డం పోవటం తప్ప ఇంకేమీ నేర్వని నోరు. "మూడు గాదురా" అన్నది అది. "నాలుగు. నాలుగోది కుంటిది, సిగ్గెక్కువ. పేరు బయట పెట్టకని మాట తీసుకున్నది, అందుకే చెప్పలే ఇన్నొద్దులు."

ఎల్లేషు డొక్కలెగిరేటట్టు నవ్వాడు. పాన్ డబ్బా దగ్గరి మనుషులు తిరిగి చూశారు. నవ్వు ఆగినాక కళ్ళు తుడుచుకొని, తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు, బరువుగా, ఎన్నడూ వెయ్యనట్టు. "పొద్దటిసంది భయమైతుండె నాయినా. నిజంగ. చేతులు చల్లగైనయ్, చూడు. నువ్వు నవ్వియ్యకపోతే వాపస్ ఒచ్చేటోన్నేమో." లోపల్నుంచి నర్సు ఎల్లేష్ ఎవరండీ అన్నది. "ఆ వస్తున్న మేడం" అన్నాడు. బబ్లూ నుదురు ముద్దు పెట్టుకున్నాడు. పోయాడు. తలుపు మూసుకున్నది. చల్లగాలి ఇంత బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

వాపస్ వచ్చేవాడు. వచ్చేవాడట. నవ్వించకపోతే. బిచ్చయ్య ఆ తలుపు మీద తన ముఖమే చూస్తున్నాడు, అద్దంలో ఎండ, ఎండలో ఒక ముసలివాడు, ఒక కుక్క. లేచి పోయి తలుపు తోస్తే? కుక్కను లోపలికి రానియ్యరు, కుక్కను వదిలితే రోడ్డు మీదికి ఉరుకుతుంది, బాలరాజును పట్టుకొమ్మంటే... కాళ్ళు లేవలేదు. ఒకప్పుడు ఈ కాళ్ళు వాణ్ణి ఎత్తుకొని నాంపల్లి నుంచి దవాఖానకు రాత్రి ఉరికినై, ఆటోకు చేతిలో పైసల్లేక. వాడు ఒళ్ళు కాలిపోతూ భుజం మీద వాంతి చేసుకున్నాడు. వాంతి వెచ్చగా వీపు మీదుగా కారుతుంటే ఎంత ధైర్యం వచ్చిందో, వెచ్చగా ఉన్నది కదా, బతికి ఉన్నాడు కదా అని. దాని ఖర్చెంత? ఏ మేనేజరును ఏ కిటికీలోంచి దూకిస్తే దాని లెక్క తేలుతుంది? పిల్లగాడు తన చిన్న చెయ్యి తండ్రి నోట్లో పెట్టి పళ్ళు లెక్కపెట్టేవాడు. దానికి మనం వానికి ఎంత ఇవ్వాలి? ఎవడూ అడగలేదు, తనూ చెప్పలేదు, తన కొడుకు ఒకవైపు లెక్కే విని పెరిగాడు. రెండో వైపు ఉన్నదని చెప్పవలసినవాడు బర్రెలను తోలుకుంటూ పోయాడు. ఇప్పుడు లోపల పడుకోబెట్టి ఉంటారు. దీపం వేసి ఉంటారు. వాని లోపల ఎక్కడో, వెంట్రుక కంటే సన్నంగా, చింతచెట్టెక్కిన చేపలూ, తన నీడలో తాను పడుకున్న కుక్కలూ వినవలసినవాడొకడు వరుసలో నిలబడి ఉన్నాడు. ఉన్నాడు, ఇప్పుడు ఇంకా ఉన్నాడు. నల్లగా, సన్నంగా, దేనికీ పనికిరానివాడిలా. తాతా, నాలుగో బర్రె పేరేంది, అని వాడొక్కడే అడుగుతాడు. బిచ్చయ్య మనసులో దానికి ఒక పేరు పెట్టాడు. పెట్టి, ఇక అది ఎవరికీ చెప్పేది లేదని తెలిసి, కుక్క మెడపట్టెకు కట్టిన తాడును వేళ్ళకు చుట్టుకున్నాడు, నెత్తురు ఆగేదాకా. ఎండ మెట్టంతా పరుచుకున్నది. "ఇంకెంతసేపు తాతా?" అన్నాడు బాలరాజు. "ఎవరికి బాగలేదు?" అప్పుడు గానీ ఒక్క మనిషి అడగలేదు. "అందరికి మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు బిచ్చయ్య.

ఎల్లేషు బయటికి వచ్చినప్పుడు కాళ్ళు కాస్త ఎడం పెట్టి నడుస్తున్నాడు, కొత్తగా నడక నేర్చిన పిల్లగాడిలా. ముఖం పాలిపోయి ఉన్నది గానీ నవ్వుతున్నాడు. అయిపోయిందంట, చీమ కుట్టినట్టే ఉండె, రెండు దినాలు బరువు లేపొద్దన్నరు, అన్నాడు. ఆటోలో మధ్యన కూర్చున్నాడు, ఒకపక్క తండ్రి, ఒకపక్క కుక్క. జర మెల్లగ పోనియ్యే అన్నా, కుట్లున్నయ్ అంటే బాలరాజు మెల్లగానే పోనిచ్చాడు. ఎల్లేషు రజనికి ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు, కిటికీ ముందు ఇంకా జనం ఉండి ఉంటారు. "ఇగ ఫికర్ లేదు నాయినా" అన్నాడు తల వెనక్కి వాల్చి. "ఇగ ఎవని బర్రెలు పారిపోవు." బిచ్చయ్య నవ్వాడు. నవ్వాలి కదా.

స్టేషన్ దాటుతుండగా బబ్లూ ఎల్లేషు ఒడి మీదుగా మెడ సాచి, బిచ్చయ్య లాల్చీ జేబులో మూతి దూర్చింది. తీసేలోపల పొట్లం చినిగి తవుడు అరచేతిలో పడింది. "ఏందది నాయినా?" అన్నాడు ఎల్లేషు. "తవుడా? తవుడెందుకు?"

ఇప్పుడు చెప్పవచ్చు. అడుగుతున్నాడు కూడా. కానీ తలుపు మూసినాక తాళంచెవి తెచ్చిచ్చేవాడు తండ్రా? నిన్ను బంగారమని అననిది నిన్ను బతికించుకోవటానికిరా అని ఇప్పుడు చెబితే, వాడు ఆ మాట ఎక్కడ పెట్టుకుంటాడు, రెండు దినాలు బరువు లేపొద్దన్న ఒంటితో?

"కుక్కకేరా" అన్నాడు బిచ్చయ్య. "వెంట్రుకలు మెరుస్తయన్నరు. సేటు ఉత్తగనే ఇచ్చిండు."

"చూసినవా, వీని ఖర్చు ఎంత తక్కువనో" అన్నాడు ఎల్లేషు, కుక్క చెవి నిమురుతూ, కళ్ళు మూసుకొని.

బబ్లూ అరచేతిలో నాకుతున్నది. గరుకు నాలుక, వెచ్చటి ఊపిరి. బాకీ తీరిపోతున్నది. లక్ష్మీనర్సమ్మ సొమ్ము, జయమ్మ రెండు వేళ్ళు కలిపి చూపిన చిటికెడు, నాంపల్లి రోడ్డు మీద, ఆటోలో, కుక్క నోట్లోకి పోతున్నది. బాకీ ఉన్న సొమ్ము మీదికి ఎవడూ రాడు అన్నది ఆమె. పూరా తీరిపోతే? పక్కన కొడుకు కళ్ళు మూసుకొని ఉన్నాడు, పాలిపోయిన ముఖంతో, ఆటో కుదుపుకు తల అటూ ఇటూ ఊగుతున్నది. బిచ్చయ్య చప్పున పిడికిలి మూశాడు. వేళ్ళ సందున, తడిసి ముద్దయిన చిటికెడు తవుడు మిగిలింది. కుక్క మూతితో పిడికిలిని పొడిచింది, గోకింది, మూలిగింది.

"ఇయ్యరాదే నాయినా వానికి, ఎందుకు దాస్తవ్?" అన్నాడు ఎల్లేషు కళ్ళు తెరవకుండానే.

"అయిపోయిందిరా" అన్నాడు బిచ్చయ్య, పిడికిలి విప్పకుండా.